అంగడి సుబ్బలక్ష్మమ్మ

కదిరి తేరు వీధిలో ముప్పై తొమ్మిదేళ్లు కిరాణా అంగడి నడిపిన సుబ్బలక్ష్మమ్మకు అరవై రెండో ఏట పల్లెటూరి అవ్వ వేషం కట్టే యోగం పట్టింది. కోటి విద్యలు కూటి కొరకే అంటారు గానీ, ఆమెకు కూటికేమీ కొదవ లేదు. కోడలి మాట కాదనలేక మొదలుపెట్టింది. నాలుగు లక్షల మంది చూస్తున్నారని తెలిశాక మానలేకపోయింది.

ముందు ఆమె అసలు మనిషి సంగతి చెప్పుకోవాలి. ఎందుకంటే ఈ కథలో కొంతసేపు ఆ మనిషి కనబడకుండా పోతుంది. కందిపప్పు బస్తా మూతి విప్పితే చాలు, మోచేతి దాకా చెయ్యి దించి అడుగు పప్పు పైకి తీసేది. పైన మంచి పప్పు, కింద పుచ్చు పప్పు పోసే మండీ వాళ్ల తెలివి ఆమె దగ్గర సాగేది కాదు. ఒక గింజ కొరికి, రెండు గింజలు నలిపి వాసన చూసి, "ఇది పోయినేడాది సరుకప్పా, తీసుకుపో" అనేది. కొనేవాళ్లతోనూ అంతే. "పెసలు ఈ పొద్దు వద్దులేమ్మా, పురుగుండాది. బేస్తవారం రా, కొత్తవి వస్తాయి" అని వచ్చిన బేరాన్ని తనే వెనక్కి పంపేది. అంగట్లో కూర్చున్న మనిషే వద్దంటుంటే ఇక నమ్మక చస్తారా? తేరు వీధిలో ఏ ఇంట్లో పెళ్లయినా సరుకుల పట్టీ ముందు ఆమె దగ్గరికే వచ్చేది. సుబ్బలక్ష్మమ్మ బాగుందంటే బాగున్నట్టే అని బజారంతా అనుకునేవాళ్లు.

వంట మాత్రం రాదు. దాచేదేముంది, పాలు కాచమంటే పొంగబెట్టేది, అన్నం వండమంటే మాడ్చేది. ఆ ఇంట్లో వంట ఆమె మొగుడు శ్రీరంగప్పది. పెళ్లయిన కొత్తలో అంగట్లో ఆయనే కూర్చునేవాడు. ఎవరేమడిగినా లేదనలేడు, మండీ వాళ్లు ఏం దింపినా వద్దనలేడు. ఏడాది తిరిగేసరికి అంగడినిండా పుచ్చు సరుకు పేరుకుపోయింది. మామగారు తల పట్టుకుని, ఒక మంచిరోజు చూసి కోడల్ని తక్కెడ ముందు కూర్చోబెట్టి కొడుకును లోపలికి పంపాడు. లోపల ఏం చేయాలో తోచక శ్రీరంగప్ప పొయ్యి ముట్టించాడు. అంతే, ఆ చేతికి అదే పని అని ఆ పూటే తేలిపోయింది.

అంగడికీ ఇంటికీ మధ్య ఒక పచ్చ కర్టెను ఉండేది. దాని ఇవతల ఆమె, అవతల ఆయన. "మగోడు పొయ్యి కాడ కూచుంటాడని తెలిస్తే బజారంతా నగుతారే" అని ఆయనకు ఒకటే బెంగ. అందుకని చుట్టాలొస్తే పళ్లేలు ఆమె మోసుకొచ్చేది. "నీ చేతి ఓళిగలు ఎంత బాగుండాయి వదినా" అంటే ఆమే తలూపేది. కర్టెను వెనక నుంచి ఆయన ఆ మాట వినేవాడు.

తర్వాత రోడ్డు వెడల్పు చేశారు. అంగడి ముందు సగం పోయింది. మిగిలిన సగంలో బస్తాలు పట్టవు, మనిషి కూర్చుంటే తక్కెడకు చోటు లేదు. కొడుకు సుదర్శన్‌కు ధర్మవరంలో ఉద్యోగం, పొద్దున రైలుకు పోతే సాయంత్రం రైలుకు వస్తాడు. అంగడి మూతపడింది. ఊరికే కూర్చోవడమనేది సుబ్బలక్ష్మమ్మకు చేతకాని ఇంకో పని.

కోడలు లక్ష్మీప్రసన్న మంచి పిల్ల. బీకాం చదివింది, ఫోన్ ఆమె చేతిలో ఉంటే సుబ్బలక్ష్మమ్మ చేతిలో తక్కెడ ఉన్నట్టే. ఒకరోజు అత్తగారు పెరట్లో నీళ్ల పొయ్యి దగ్గర కూర్చుని, ఆన్‌లైన్‌లో తెప్పించిన ఎండుమిరపకాయల పాకెట్టును చెడామడా తిడుతుంటే ప్రసన్న నవ్వుకుంటూ వీడియో తీసి పెట్టింది. సాయంత్రానికి లక్షమంది చూశారు. కింద రాసినవాళ్లందరిదీ ఒకటే మాట. ఈ పల్లెటూరి అవ్వ ఎవరు? ఏం వండుతుంది? మా నానమ్మ గుర్తొచ్చింది! కట్టెల పొయ్యి, తల మీద కొంగు, నోట్లో తిట్టు చూసి వాళ్లే ఒక అవ్వను తయారుచేసుకున్నారు. ప్రసన్న ఆ అవ్వకు పేరొకటి పెట్టింది. 'ఓబులవ్వ పొయ్యి' అట్లా మొదలైంది.

ఓబులవ్వకు నియమాలు చాలా ఉన్నాయి. కళ్లద్దాలు పెట్టుకోకూడదు. ఏడురాళ్ల ముక్కుపుడక తీసేయాలి. వెలిసిపోయిన చీర కట్టాలి. పులివెందుల రోడ్డులో తెలిసినవాళ్ల చేను దగ్గర ఒక కొట్టం ఉంటే, దాంట్లో మట్టికుండలు, రోలు, కట్టెల పొయ్యి అమర్చారు. కొట్టం వెనక గ్యాసు పొయ్యి మీద శ్రీరంగప్ప వండేవాడు. వండింది కుండలోకి మార్చి ముందుకు పంపితే ఓబులవ్వ గరిటె తిప్పేది, జనాన్ని నాలుగు తిట్లు తిట్టేది. ఆ తిట్లు మాత్రం అసలైనవే.

ఒకసారి ఫోను వెనక నుంచి ప్రసన్న, "బెల్లం ఎంతేయల్ల అవ్వా?" అని అడిగింది. సుబ్బలక్ష్మమ్మ బెల్లం కుండలో చెయ్యి పెట్టి తీసి, "నూటాపాతిక గ్రాములు" అనేసింది. ఆ ముక్క కోసేయాల్సి వచ్చింది.

"అట్ల చెప్పకూడదత్తమ్మా. ఓబులవ్వకు గ్రాములు తెలీవు. గుప్పెడు అనల్ల" అంది ప్రసన్న.

"గుప్పెడంటే ఎంతే? నా గుప్పెడొకటి, నీ గుప్పెడొకటి. పాకం చెడిపోతే రేపొచ్చి అడగరా?"

"ఎవురూ వచ్చి అడగరత్తమ్మా. చూస్తారు, పోతారు."

ఆ మాట సుబ్బలక్ష్మమ్మకు చాలా రోజులు మింగుడుపడలేదు. అడగడానికి తిరిగి రాని గిరాకీని ఆమె జన్మలో చూడలేదు. అయినా అబద్ధమెందుకు, మొదట్లో ఆమెకు బాగానే ఉండింది. ఆ వేషంలో పులివెందుల బస్టాండుకు పోతే కాలేజీ పిల్లలు కాళ్లకు దండం పెట్టి ఫోటో దిగుతుంటే ఎవరికి చేదు?

చేదు మొదలైంది నరసింహస్వామి గుళ్లో. నాగరత్నమ్మ అని, పాతికేళ్లు ఆమె అంగట్లో సరుకులు తీసుకుపోయిన మనిషి, కూతురి దగ్గరికి ధర్మవరం వెళ్లిపోయి చాలా కాలానికి కనబడింది. కనబడగానే గడ్డం పట్టుకుంది.

"ఏం సుబ్బలక్ష్మమ్మా, ఫోన్లో అచ్చం నీ మాదిరే ఒకామె ఉండాది, ఓబులవ్వని! రోజూ చూస్తా. మొగం నీదే అనుకో. ఆయమ్మ మాత్రం వట్టి అమాయకురాలు పాపం. నీ మాదిరి గట్టిది కాదు."

'నేనేనే ఆమె' అన్న మాట సుబ్బలక్ష్మమ్మ గొంతు దాకా వచ్చింది. అంటే కొట్టం బయటపడుతుంది, కొట్టం వెనక మొగుడు బయటపడతాడు. చేతిలో ఉన్న ప్రసాదం పులిహోర నోట్లో పెట్టుకుంది. ఇంటికొచ్చాక మాత్రం ఉండబట్టలేక శ్రీరంగప్ప దగ్గర కూర్చుంది. ఆయన చింతపండు పిసుకుతున్నాడు.

"నాగరత్నమ్మ పాతికేండ్లు నా చేతి పొట్లాలు తీసుకుపోయిందండీ. ఆయమ్మకు నాకంటే ఓబులవ్వే ఎక్కువైపాయ. రోజూ ఓబులవ్వనే చూస్తాదంట!"

శ్రీరంగప్ప చెయ్యి ఆపకుండానే నవ్వాడు. "నాకి నలభై ఏండ్ల నుంచి అదే గదే. నేను వండితే నీకి పేరు. ఇప్పుడు నువ్వు తిడితే ఆయమ్మకు పేరు."

ఆయన వేళాకోళానికే అన్నాడు. సుబ్బలక్ష్మమ్మకు మాత్రం నలభై ఏళ్లు తలూపి తీసుకున్న మెప్పులన్నీ వరసగా గుర్తొచ్చాయి.

"మీకి బాధనిపించలేదా?" అని అడిగింది.

"మొదట్లో అనిపించె. తర్వాత అలవాటైపాయ" అన్నాడాయన.

ఇది జరిగిన నెలకు బెంగుళూరు నుంచి శశికుమార్ వచ్చాడు. పొడులూ మసాలాలూ అమ్మే కంపెనీ మనిషి, తెల్ల చొక్కా, నోరంతా తేనె. 'ఓబులవ్వ చేతి బుడ్డల పొడి' అని వేరుశెనగ పొడి పాకెట్లు వేస్తారట. ప్రతి పాకెట్టు మీదా ఆమె బొమ్మ ఉంటుందట. పదేళ్ల ఒప్పందం. వాళ్లిచ్చే దుడ్లతో పక్క స్థలం కొని కొత్త అంగడే మేడతో సహా కట్టుకోవచ్చని ప్రసన్న కళ్లు మెరిశాయి. అంగడి అనేసరికి సుబ్బలక్ష్మమ్మ ప్రాణం కూడా లేచొచ్చింది. కళ్లు మూసుకుంటే కొత్త అంగడి, వరసగా బస్తాలు, మధ్యలో తను. ఆమెకు ఈ లోకంలో కావలసింది అదొక్కటే.

"ఫంక్షన్ పెట్టి స్టేజీ మీదే ఒప్పందం చేద్దామమ్మా. అందరి ముందర మీరు వేలిముద్ర వేస్తారు" అన్నాడు శశికుమార్.

"వేలిముద్ర యాలప్పా? నేను పది పాసైనా. సంతకం చేస్తా."

"మీరు పాసైనారమ్మా, ఓబులవ్వ కాలేదు కదా!" అని అతను పెద్దగా నవ్వాడు. "ముద్రయితే జనం మనసు కరుగుతుంది."

సుబ్బలక్ష్మమ్మ అతను తెచ్చిన పాకెట్టు చించింది. పొడి రెండు వేళ్ల మధ్య నలిపి వాసన చూసింది. నాలుక మీద వేసుకుని వెంటనే పెరట్లోకి పోయి ఉమ్మేసి వచ్చింది.

"బుడ్డలు ముక్కిపోయినాయి. చేదు. ఈ సరుకు మీద నా మొగం వేస్తావా?"

పేరు గొప్ప, ఊరు దిబ్బ అని కూడా అనబోయింది గానీ కోడలి ముఖం చూసి ఆగింది. శశికుమార్ నొచ్చుకున్నట్టు రెండు చేతులూ పట్టుకున్నాడు. ఇది పాత శాంపిలనీ, ఫంక్షన్ నాటికి సరుకు మొత్తం మారుస్తామనీ, ఆమె స్టేజీ మీదే చూసుకోవచ్చనీ ప్రమాణం చేశాడు. ప్రసన్న నమ్మింది. పాపం, ఆ పిల్లకు మాట ఇచ్చినవాడు తప్పుతాడని ఇంకా తెలీదు. సుబ్బలక్ష్మమ్మ కూడా నమ్మింది, కొత్త అంగడి కళ్లకు అడ్డం పడి.

ఆదివారం పొద్దున కదిరిలోనే ఒక కల్యాణమంటపంలో ఫంక్షన్. ఆరువందల మంది వచ్చారు. తేరు వీధి వాళ్లు, మార్కెట్ యార్డు వాళ్లు కూడా ఉన్నారు, ఎవరో ఓబులవ్వట, మన ఊరికే వచ్చిందట, చూద్దామని. స్టేజీ మీద ఎనిమిదడుగుల అట్టబొమ్మ నిలబెట్టారు. కళ్లద్దాలు లేకుండా, ముక్కుపుడక లేకుండా, వెలిసిన చీరలో అమాయకంగా నవ్వుతున్న ఓబులవ్వ, మెడలో బంతిపూల మాల. ఎదురుగా బల్ల మీద రోలు, ఒప్పందం కాగితాలు, సిరా డబ్బా. స్టేజీ వెనక గదిలో శ్రీరంగప్ప ఉన్నాడు. ఆయన ఇంట్లో చేసిన పొడి స్టీలు డబ్బాలో సిద్ధంగా ఉంది. ఆమె నాలుగు పోట్లు దంచినట్టు చేస్తే, రోట్లోది మార్చి ఆయన పొడి జనానికి రుచి చూపించాలన్నది ఏర్పాటు. ప్రసన్న స్టేజీ ముందు నిలబడి ఫోన్లో లైవ్ పెట్టింది. లక్షా పాతికవేల మంది చూస్తున్నారని అత్తగారికి వేళ్లతో సైగ చేసింది.

యాంకరమ్మాయి విజయవాడ నుంచి వచ్చిన పిల్ల, చలాకీగా ఉంది. కంపెనీ వేరుశెనగ పప్పుల పళ్లెం ముందుకు జరిపి, "అవ్వా, మన పొడికి ఎన్ని గుప్పెళ్లు వెయ్యాలో మా అందరికీ చూపించండి!" అంది.

సుబ్బలక్ష్మమ్మ పళ్లెంలో చెయ్యి పెట్టింది. కళ్లకు మసకగానే ఉంది, కానీ చేతికి మసక లేదు. పప్పు తేలికగా తగిలింది. ఆమె బొటనవేలు తనంతట తాను పని మొదలుపెట్టింది. నొక్కు గింజ ఒకటి పక్కకు, బూజు గింజ ఒకటి పక్కకు, నల్లగింజ ఒకటి పక్కకు. ఓబులవ్వ అలా చేయకూడదు. గుప్పెడు తీసి రోట్లో వేసి నవ్వాలి. ఆ సంగతి ఆమెకు తెలుసు, బొటనవేలికి తెలీదు. కాసేపటికి మంచి గింజల కంటే చెడ్డ గింజల కుప్ప పెద్దదైంది. ఒకటి కొరికింది. అదే చేదు.

ఆమె బొడ్డు దగ్గర సంచి తీసి, అందులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకుంది. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. 

"ఏమప్పా శశికుమారూ, మారుస్తామంటివే" అంది.

శశికుమార్ నవ్వు చెదరకుండా దగ్గరికొచ్చి చెవిలో అన్నాడు. "స్టేజీ మీద వద్దమ్మా. ఇదంతా షో. సరుకెవరు చూస్తారు? ముద్ర వేసేయండి, అయిపోతుంది." అంటూనే సిరా డబ్బా మూత తీసి, ఆమె బొటనవేలు పట్టుకున్నాడు.

అప్పటిదాకా గింజలు ఏరుతున్న వేలది. సుబ్బలక్ష్మమ్మ దాన్ని విడిపించుకుంది.

ఇక్కడ ఒక పద్ధతి చెప్పాలి. కదిరి మండీలో సరుకు నచ్చకపోతే పాతకాలపు వ్యాపారులు నోరు చేసుకోరు. ఆ బస్తాలోని చెడ్డ గింజలే గుప్పెడు తీసి, పొట్లం కట్టి, ఆ బస్తా మెడకే వేలాడదీస్తారు. పొట్లం వేలాడుతున్న బస్తా గురించి హమాలీలు ఇంకో మాట అడగరు. నేరుగా బండెక్కించి వచ్చిన దారినే తోలేస్తారు. సరుకు ఎంత పెద్ద మనిషిదైనా సరే, దానికి అప్పీలు లేదు.

సుబ్బలక్ష్మమ్మ బల్ల మీది ఒప్పందం కాగితం తీసుకుంది. ఒక్క తిప్పులో దాన్ని గొట్టంగా చుట్టింది. ఏరిన చెడ్డ గింజలన్నీ అందులో పోసి, మూతి మడిచి, అట్టబొమ్మ మెడలోని పూలమాల నుంచి దారం తెంపి మూడు చుట్లు చుట్టి ముడేసింది. ఇదంతా ఎంతసేపు? యాంకరమ్మాయి రెండుసార్లు రెప్పలు కొట్టేంత. తర్వాత ఆ పొట్లాన్ని తీసుకుపోయి ఎనిమిదడుగుల ఓబులవ్వ మెడకు కట్టింది.

హాలంతా ఏమీ అర్థం కానట్టు చూస్తోంది. మూడో వరసలో మండీ జయరాం మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. పాతికేళ్లు ఆమెకు బస్తాలు దింపినవాడు, ఆమె చేత ఎన్నో పొట్లాలు కట్టించుకున్నవాడు. 

"వాపసు!" అని అరిచాడు. "ఓరి నీ, అది ఓబులవ్వ కాదురప్పా! ఆ ముడి మన అంగడి సుబ్బలక్ష్మమ్మది!"

తేరు వీధి వాళ్లంతా ఒక్కసారి లేచారు. సుబ్బలక్ష్మమ్మ యాంకరు చేతిలోంచి మైకు తీసుకుంది.

"అవునప్పా, నేనే. ఓబులవ్వ లేదు, యాడా లేదు. నాకు పల్లె లేదు, చేను లేదు. తేరు వీధిలో పుట్టినా, ఆడే పెరిగినా. వేలిముద్ర అంటాండారు, నేను పది పాసైనా. రెండేండ్లు మిమ్మల్ని మోసం చేసినా, తప్పే, తిట్టండి పడతా. కానీ ఈ బుడ్డలు ముక్కిపోయినాయి. నా మొగం చూసి ఇవి కొనొద్దండి. ఇంకొక మాట. నాకి వంట రాదు."

యాంకరమ్మాయి అందరికీ తట్టిన ప్రశ్నే అడిగింది. "మరి ఇన్నాళ్లూ వండింది ఎవరండీ?"

సుబ్బలక్ష్మమ్మ మైకు కిందికి దించింది. తన గుట్టు తను విప్పుకోవచ్చు. ఆయన గుట్టు ఆమెది కాదు. ముందు వరసల్లో కూర్చున్నవాళ్లంతా ఆయన భయపడ్డ బజారే.

శశికుమార్ కిందున్న ప్రసన్నకు లైవ్ ఆపమని చేతులూపుతున్నాడు. ప్రసన్న వేలు బటన్ మీద ఉంది. రెండేళ్లు రాత్రనక పగలనక తను కట్టుకున్నది కళ్ల ముందే కూలిపోతోంది, నాలుగు లక్షల మంది, కొత్త అంగడి, అన్నీ. తలెత్తి అత్తగారిని చూసింది. కళ్లద్దాలు పెట్టుకుని నిటారుగా నిలబడిన ఈ మనిషిని తను రెండేళ్లలో ఒక్కసారీ ఫోన్లో చూపించలేదని ఆ పిల్లకు అప్పుడే తెలిసింది. వేలు తీసేసి, ఫోను ఇంకా పైకెత్తి, స్టేజీ దగ్గరికి నాలుగడుగులు వేసింది.

అప్పుడు వెనక గది తలుపు తెరుచుకుంది. ఎవరూ పిలవలేదు. భుజం మీద మసి తువ్వాలు, చంకలో స్టీలు డబ్బా, శ్రీరంగప్ప నడుచుకుంటూ వచ్చి భార్య పక్కన నిలబడ్డాడు. ఆమె చేతిలోని మైకు తీసుకున్నాడు.

"వండేది నేనే" అన్నాడు. "ఇప్పుడు కాదు, నలభై ఏండ్ల నుంచి. మా ఇంట్లో మీరు తిన్న ఓళిగలన్నీ నావే."

వెనక వరసలో ఎవడో కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వు పక్కవాడికి అంటుకుంది, అక్కడి నుంచి ఇంకో వరసకు. నలభై ఏళ్లు శ్రీరంగప్ప ఏ నవ్వుకు భయపడి కర్టెను చాటున బతికాడో ఆ నవ్వు హాలంతా వచ్చేసింది. సుబ్బలక్ష్మమ్మ ఆయన చెయ్యి పట్టుకోబోయింది. అవసరం లేకపోయింది. ఆయన తీరిగ్గా డబ్బా మూత తీస్తున్నాడు.

"నగండప్పా, బాగా నగండి. నగి నగి ఆకలైతే తినేదానికి ఈడ ఉండాది" అన్నాడు.

వేయించిన వేరుశెనగ, వెల్లుల్లి, ఎండుమిర్చి వాసన మొదటి వరసల మీదికి పోయింది. నవ్వు అలాగే ఉంది గానీ దాని తీరు మారిపోయింది. జయరాం అందరికంటే ముందు స్టేజీ ఎక్కి అరచేయి చాపాడు. చిటికెడు నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని, "అన్నా, ఇన్నాళ్లు యాడ దాచి పెట్టినావు ఈ చెయ్యి?" అన్నాడు. ఆ మాటకు శ్రీరంగప్ప కళ్లు నిండాయి. తువ్వాలుతో తుడుచుకున్నాడు, దాచుకోలేదు.

ఆ తర్వాత స్టేజీ అంగడైపోయింది. జనం వరస కట్టారు. కంపెనీ పంచడానికి తెచ్చిన రంగుల కరపత్రాలు కట్టలు కట్టలుగా పడి ఉంటే, సుబ్బలక్ష్మమ్మ వాటితోనే పొట్లాలు కడుతూ కూర్చుంది. ఆయన చెంచాతో వేస్తాడు, ఆమె మడుస్తుంది. ఒక ముసలామె ఇంకొంచెం వేయమంటే, "అందరికీ రావద్దా? వెనక ఎంతమంది ఉండారో చూడు" అని కసిరింది. తిట్టు తిన్న ముసలామె సంబరంగా నవ్వుకుంటూ దిగిపోయింది.

శశికుమార్ ఫోన్లో ఎవరితోనో కన్నడంలో మొత్తుకుంటూ బయటికి పోయేసరికి, జయరాం హమాలీలు ఇద్దరు ఎవరూ చెప్పకుండానే అట్టబొమ్మను భుజాన వేసుకుని తెచ్చి, పొట్లంతో సహా కంపెనీ వ్యాను ఎక్కించి తాడుతో కట్టేశారు. 

"ఇదేంటప్పా?" అని శశికుమార్ అడిగితే, "వాపసు సార్" అన్నారు వాళ్లు, మండీలో అనే మామూలు గొంతుతోనే.

డబ్బా అడుగంటింది. ప్రసన్న స్టేజీ ఎక్కి, ఫోను చూస్తూ మెల్లగా చెప్పింది. "అత్తమ్మా, అరవైవేల మంది వెళ్లిపోయినారు."

"పోనీలే తల్లీ. వాళ్లు ఆయమ్మ గిరాకీ."

"కొత్తోళ్లు కూడా వస్తాండారు. చానా మంది వస్తాండారు. అందరూ ఒకటే అడగతాండారు" అని ప్రసన్న ఫోను ఆమె ముఖానికి దగ్గరగా తెచ్చింది. "ఇంతకీ మీరెవరు, మీ పేరేంది అంటాండారు."

సుబ్బలక్ష్మమ్మ కళ్లద్దాలు సర్దుకుంది. మొగుడి భుజం పట్టి ఫోనులోకి కనబడేటట్టు తన పక్కకు లాక్కుంది. అంగట్లో కొత్తగా గడప ఎక్కిన మనిషిని చూసినట్టు నేరుగా చూసి, చెప్పింది.

"నా పేరు సుబ్బలక్ష్మమ్మ. ఈయన నా మొగుడు, శ్రీరంగప్ప. సరుకు నాది, వంట ఆయనది. కదిరి తేరు వీధిలో మాకు సగం అంగడి ఉండాది. రేపు పొద్దున ఆరింటికి తెరుస్తాం. రాండి, తిని చూడండి. నచ్చకుంటే నా ఎదురుగా నిలబడి చెప్పండి."